మీరెవరి తాలూకా?

మా మండల పరిషత్ కార్యాలయంలో సమాచారానికి రెండు దారులుండేవి. ఒకటి లోపల నా బల్ల. సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా దరఖాస్తు పెట్టుకుంటే, సూపరింటెండెంటును కాబట్టి ఆ బాధ్యత నాదే. రికార్డులు తీయించి, ఏది ఇవ్వచ్చో ఏది ఇవ్వకూడదో తేల్చి, సంతకం పెట్టి ఇచ్చేదాన్ని. రెండోది వరండా చివరనున్న టీ బడ్డీ. అక్కడ దరఖాస్తూ అక్కర్లేదు, సంతకమూ అక్కర్లేదు. మా సీనియర్ అసిస్టెంటు పక్కన ఓ గ్లాసు టీ పట్టుకుని నిలబడితే చాలు.

సచివాలయాల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొస్తారు. "మేడమ్, ఎవరైనా వచ్చి వివరాలడిగితే ఇవ్వాలా వద్దా?" అని అడుగుతారు. వాళ్ళకి నేను సెక్షన్లు చెప్పను. సెక్షన్లు ఫోన్లో దొరుకుతాయి. ఈ సంగతి చెప్తాను, కాఫీ తాగుతూ వింటారు.

ముందు నా గురించి ఒక మాట. దాపరికం నాకు పడదు. ఏ రోడ్డు ఎవరు వేశారు, ఏ కాలువకి ఎంత మట్టి తీశారు, ఎవరడిగినా తీసి చేతిలో పెట్టేదాన్ని. ప్రజల పని, ప్రజల కాగితం, మధ్యలో మన బింకం ఏమిటి? మా ఎంపీడీఓ గారికి మాత్రం ఆ దరఖాస్తు కవరు కనబడితే చాలు, ఏదో ఒక ఊరు తనిఖీ గుర్తొచ్చి జీపెక్కేసేవారు. మిగతా సెక్షన్లవాళ్ళు ఆ కవరును ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకి జరుపుతూ ఉండేవారు. చివరికి అది నా దగ్గరికే చేరేది. నాకదేం బాధగా ఉండేది కాదు. నిజం చెప్పాలంటే గర్వంగానే ఉండేది.

ఇక మా సీనియర్ అసిస్టెంటు. పింఛన్ల సెక్షన్ ఆయనది. మనసు వెన్న, నోరు మాత్రం ఊరుకోదు. ఆఫీసులో కొత్త మొహం కనబడితే చాలు, "ఏ ఊరు బాబూ? మీరెవరి తాలూకా?" అని మొదలుపెట్టేవాడు. మా వైపు తాలూకా అంటే ఎవరి మనుషులని అర్థం. టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు బావో, మావో, ఏదో ఒక వరస తేలిపోయేది. తేలాక ఆ మనిషి పరాయివాడు కాదు. పరాయివాడు కానివాడి దగ్గర దాచేదేముంటుంది? కాగితం మీద అడిగితే ఆరుసార్లు తిప్పే మనిషి, నోటితో అడిగితే అడగని సంగతులు కూడా చెప్పేవాడు. నేను ఆ ఆఫీసులో చేరిన రోజే నన్నూ కలిపేసుకున్నాడు. అందరూ మేడమ్ అంటుంటే ఆయనొక్కడూ వదినగారూ అనేవాడు. ఆఫీసులో ఆ పిలుపేమిటి, మెమో ఇస్తాను సుమా అన్నాను. "వదినగారు మెమో ఇత్తే మరిది పుచ్చుకోడేటి?" అన్నాడు. ఇంకేం చేస్తాం!

అలా నడుస్తుండగా ఒక దరఖాస్తు వచ్చింది. ఎంత చక్కగా రాశాడో! మా మండలంలో ఒంటరి మహిళ పింఛను పొందుతున్నవాళ్ళందరి పేర్లు, ఊళ్ళు, ఇంటి చిరునామాలు, పిల్లలుంటే వాళ్ళు చదివే బడి పేరు ధ్రువీకరించి ఇవ్వాలని కోరాడు. అనర్హులు పింఛన్లు తింటున్నారనీ, ప్రజాప్రయోజనం కోసం అడుగుతున్నాననీ చివర్లో రాశాడు. మనిషి గరివిడిలో ఉంటాడు. అది పక్క జిల్లా.

అనర్హుల సంగతి అడగడం మంచిదే. నిజానికి పింఛనుదారుల జాబితా ఏ ఊరిది ఆ ఊరి సచివాలయం బోర్డు మీద అంటిస్తాం కూడా. అంటించాక దాచేదేముందని ఎవరైనా అంటారు. కానీ నాకు బడి పేరు దగ్గర ముల్లు గుచ్చుకుంది. అవినీతి బయటపెట్టేవాడికి పిల్లలు చదివే బడి దేనికి? వృద్ధుల పింఛన్లు వద్దు, వికలాంగులవి వద్దు, ఒంటరి ఆడవాళ్ళవే ఎందుకు? ఊళ్ళో బోర్డు ఊరివాళ్ళ కోసం. ఆ మనిషి ఫలానా వీధిలో ఉందని ఊరందరికీ ముందే తెలుసు. మండలం మొత్తం చిరునామాలు ఒక్క కాగితం మీదకెక్కించి, జిల్లా దాటొచ్చిన మగాడి చేతిలో పెట్టడం వేరే సంగతి.

అందుకని జవాబు తయారుచేశాను. ఎంతమందికి పింఛను వస్తోందో ఇచ్చాను. అర్హతలేమిటో, ఎవరు తనిఖీ చేస్తారో, అనర్హులని తేలితే ఏం చేస్తామో, అన్నీ విడమరిచి రాశాను. పేర్లు, చిరునామాలు, బడి వివరాలు వ్యక్తిగతమైనవి, ఇస్తే వాళ్ళ భద్రతకు ముప్పు రావచ్చు కాబట్టి ఇవ్వనని చట్టంలో ఉన్న మాటలతోనే రాశాను. ఏదైనా ఒక పేరు మీద అనుమానం ఉంటే ఫిర్యాదు చేయండి, మేమే విచారిస్తామని కూడా చేర్చాను. ఇప్పుడడిగినా అదే జవాబు రాస్తాను, అక్షరం మార్చను.

ఆ జవాబు కోసం మనిషి స్వయంగా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. నిలబడే చదువుకున్నాడు.

"నాకు కావలసింది ఇందులో లేదు మేడమ్."

"ఇవ్వగలిగింది ఇచ్చాను బాబూ. చాలదనుకుంటే ఎంపీడీఓ గారికి అప్పీలు చేసుకోండి. ఎలా రాయాలో కావాలంటే నేనే చెప్తాను."

"అవసరం లేదులెండి," అని దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు. నేను ఫైలు కట్టేసి వేరే పనిలో పడ్డాను.

నా బల్ల దగ్గర ఒక దారి మూసుకుంది. బయట రెండోది తెరిచే ఉందని నాకప్పుడు తట్టలేదు.

మధ్యాహ్న భోజనం వేళ దగ్గరపడుతుండగా సీనియర్ అసిస్టెంటు నా గదిలోకి వచ్చాడు. ఎప్పుడూ మనిషి కంటే ముందు మాట వచ్చేది. ఆ రోజు వచ్చి, తలుపు దగ్గరకి వేసి, కుర్చీలో కూలబడ్డాడు.

"వదినగారూ, ఒక పొరపాటు జరిగిపోనాది."

జరిగింది ఇదీ. వరండాలో ఆ మనిషి దిగులుగా నిలబడి ఉంటే ఈయన టీ ఇప్పించాడు. ఎవరి తాలూకా అని అడిగాడు. ఉద్యోగం గరివిడిలో అయినా సొంతూరు గజపతినగరం పక్కనేనని తేలింది. మా వాడి అక్కని ఇచ్చింది ఆ ఊరే! అక్కగారి ఊరివాడంటే బావ అయిపోయాడు. బావ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పెళ్ళాం అలిగి పిల్లని తీసుకుని వచ్చేసిందనీ, రేషన్ కార్డులోంచి పేరు విడిపోయి ఈ మండలానికి బదిలీ అయిందని మాత్రం తెలిసిందనీ, ఏ ఊరో తెలిస్తే కాళ్ళు పట్టుకుని తీసుకుపోతాననీ అన్నాడు. గజపతినగరం వైపు నుంచి వచ్చిన పింఛను కేసు మా వాడి దగ్గర ఒక్కటే ఉంది. అర్జీ పెట్టినప్పుడు ఆమెని కూడా ఎవరి తాలూకా అని అడిగే ఉన్నాడు కాబట్టి ఊరితో సహా గుర్తుంది. చెప్పేశాడు. సముద్రం వైపు ఊరు, బళ్ళో పిల్లలకి వంట చేస్తుందని కూడా చెప్పేశాడు.

"ఒక సంసారం నిలబెడతన్నానని అనుకున్నాను," అన్నాడు.

అంతటితో ఊరుకుని ఉంటే మాకు తెలిసేదే కాదు. ఈ ఘనకార్యం అక్కకి చెప్పకుండా ఉండలేక ఫోన్ చేశాడు. 'మీ ఊరి బావ ఒకడు కలిసినాడే' అని పేరు చెప్పగానే అక్క అందుకుంది. ఆ మాటలు ఆయన నాకు ఉన్నదున్నట్టు అప్పగించాడు.

"ఒరే! ఆడికేటి సెప్పినావు? పెల్లాం సెయ్యి ఇరగ్గొట్టీసినాడురా ఆడు. ఆసుపత్రికి ఎత్తుకెల్లింది నానే. ఆడు కాళ్ళు అట్టుకోడానికి వస్తాడేటి, ఎర్రిమొగమా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి నోటినిండా మాటలున్నాయి. కానీ ముందు అడగాల్సింది అడిగాను.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"బస్టాండులో. ఆ ఊరికి బస్సు భోజనాలయ్యాకే గదా."

"అయితే పద. బావా బావా అన్నావుగా? వెళ్ళి భోజనానికి పిలు. బస్సు పోయేదాకా కదలనివ్వకు. నేను ఆ ఊరికి వెళ్తాను."

ఆయన లేచిన వేగం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత బస్టాండులో పళ్ళమ్మే ఆమె చెప్పింది, బండి స్టాండు కూడా వేయకుండా దూకి ఆ మనిషి చేతిసంచీ లాక్కున్నాడట. "ఏటి బావా, అన్నాయం! మా ఊరొచ్చి బోంచెయ్యకుండా ఎల్లిపోతే మా అక్క నన్ను బతకనిస్తాదా? మీ సెల్లి సేపల పులుసు ఎట్టింది, రా, బేగి ఎక్కు!" వాడు వద్దంటున్నా వినలేదట. పది మందిలో వరసైనవాడు సంచీ లాక్కుంటే ఎలా కాదంటాడు? బండెక్కాడు.

దారిలోనే ఆ ఊరి సచివాలయంలో ఉండే మహిళా పోలీసుకి ఫోన్ చేసి, ఆటోలో బడికి చేరేసరికి పిల్లలు కంచాలు కడుక్కుంటున్నారు. వంటపాకలో గుండిగ తోముతున్న మనిషి ఆమే అని చూడగానే తెలిసింది. ఎడమ చెయ్యి పూర్తిగా చాచలేకపోతోంది. నేనెవరో చెప్పి, పక్కకి పిలిచి, సంగతి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. నీళ్ళ చేతులు కొంగుకి తుడుచుకుంది.

"ఊరి పేరు ఎవరు సెప్పినారు?"

"మా ఆఫీసులోనే చెప్పారమ్మా."

ఆమె గుండిగ బోర్లించింది.

"పింఛనుకి అర్జీ ఎట్టినప్పుడు ఎక్కడుంతన్నావో రాయమన్నారు. అమ్మకి కూడా సెప్పలేదు మేడమ్ నాను. గవర్నమెంటోలే గదా అని మీకు రాసిచ్చినాను."

నా ఉద్యోగంలో ఎమ్మెల్యేలు కేకలేశారు, కలెక్టర్లు కాగితాలు విసిరారు. ఏ మాటా నన్ను అంత గట్టిగా తగల్లేదు. అప్పుడు ఆమె ముందు తల ఎత్తడానికి సిగ్గేసింది, దాచుకోవడమెందుకు.

"మరి ఇప్పుడు ఎల్లిపోమంటారేటి?" అంది. "ఒకసారి ఊరు మారినాను. పిల్ల ఇప్పుడిప్పుడే బళ్ళో నవ్వతన్నాది. ఇంక ఎల్లను. ఆడినే ఎల్లమనండి."

"నిన్ను వెళ్ళమనడానికి రాలేదు. వాడు రాకుండా చూడ్డానికి వచ్చాను," అన్నాను. అప్పటికే మహిళా పోలీసు స్కూటీ వచ్చి ఆగింది. చిన్న పిల్ల, కొత్త ఉద్యోగం, కానీ గట్టిది. స్టేషనుకి ఫోన్ చేసి ఎస్సై గారితో మాట్లాడింది. ఆమెనీ కూతుర్నీ హెడ్మాస్టరు గారి గదిలో కూర్చోబెట్టింది.

అక్కడ మా సీనియర్ అసిస్టెంటు ఇంట్లో భోజనం సాగుతూనే ఉంది. పులుసయ్యాక వేపుడు, వేపుడయ్యాక పెరుగు. బావ లేస్తానంటే మళ్ళీ వడ్డించడం. చివరికి ఏం చేయాలో తోచక అక్కకి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి కంచం పక్కన పెట్టాడట. అక్క మొదలుపెట్టాక బావ తినడం మానేశాడు. చెయ్యి కడుక్కుని వరండాలోకి వచ్చేసరికి ఎదురుగా పోలీసులున్నారు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. స్టేషన్లో ఆ మనిషి ఎంత నిమ్మళంగా చెప్పాడో! శ్రీకూర్మం దర్శనానికి వచ్చాడట. తిరిగి వెళ్తుంటే చుట్టం భోజనానికి పిలిచాడట. పెళ్ళాన్ని వెతకడమా, ఆ ఆలోచనే లేదట. అతను ఆ ఊరిలో అడుగు పెట్టలేదు, ఎవర్నీ ఏమీ అనలేదు. మందలించి, సంతకం తీసుకుని పంపేశారు. ఊరి పేరు మాత్రం అతని బుర్రలో భద్రంగా ఉంది.

తర్వాత ఒక రోజు ఆమె మా ఆఫీసుకి వచ్చింది. వకీలుని కలిసిందట. మొగుడు మళ్ళీ దగ్గరికి రాకుండా కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకోవచ్చు, కానీ అతను వెతుక్కుంటూ వచ్చాడని చూపించాలి కదా అన్నాడట ఆయన. నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

"నా గురించి ఆడు ఏటడిగినాడు? మీరేటి సెప్పినారు? రెండూ నాకు కాగితం మీద కావాల."

సీనియర్ అసిస్టెంటు తన సీట్లోంచి లేచి వచ్చాడు. పాపం, ఎన్నాళ్ళ నుంచో ఈ మనిషికి ఏదో ఒకటి చెప్పుకోవాలని ఉంది ఆయనకి.

"అమ్మా, నువ్వు మా అక్కోలి ఊరి కోడలివి. వరసకి నాకు సెల్లివవుతావు. ఆ రోజు నాను..."

"సుట్టరికం వద్దు బాబూ," అంది ఆమె, అతని వైపు తిరక్కుండానే. "కాగితం ఇయ్యండి."

ఆయన తన సీటుకి తిరిగి వెళ్ళిపోయాడు. నాకు జాలేసింది. అయినా ఆమెని వారించలేదు, వారించే హక్కు నాకు లేదు.

దరఖాస్తు నేనే రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టించాను. సొంతంగా దరఖాస్తు రాసుకోలేనివాళ్ళకి రాసిపెట్టడం కూడా ఆ చట్టంలో మా పనే, చాలామంది ఆఫీసర్లకి ఆ ముక్క గుర్తుండదు. అతని దరఖాస్తు నకలు, నా జవాబు నకలు ఇవ్వడానికి నాకు ఇబ్బంది లేదు. ఆమె గురించి అడిగింది ఆమెకి తెలియాల్సిందే. చిక్కంతా రెండో ప్రశ్న దగ్గర వచ్చింది. దరఖాస్తులో ఆమె పేరు లేదు, మండలం మొత్తం వివరాలడిగాడు. ఆమె ఊరి కోసమే వచ్చాడని చెప్పేది టీ బడ్డీ దగ్గర మాట ఒక్కటే.

ఈసారి ఎంపీడీఓ గారు జీపెక్కలేదు. నన్ను పిలిచి కూర్చోబెట్టారు. "నోటిమాటకి రికార్డెక్కడుందమ్మా? రికార్డులో ఉన్నదే ఇవ్వాలి, లేనిది పుట్టించి ఇవ్వమని చట్టం చెప్పలేదు. సమాచారం అందుబాటులో లేదని ఒక్క వాక్యం రాసి పంపేయండి. మన సీనియర్ అసిస్టెంటు రిటైర్మెంటు దగ్గర్లో ఉంది, ఎందుకీ గొడవ?"

చట్టప్రకారం ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అందుకే నాకు కోపం కూడా రాలేదు. బయటికి వచ్చి సీనియర్ అసిస్టెంటు బల్ల ముందు నిలబడ్డాను.

"మీరు చెప్పింది రికార్డులో లేదు. లేనిది నేను ఇవ్వలేను," అన్నాను. "ఉంటే మాత్రం ఎవరు వద్దన్నా ఇస్తాను."

ఆయన నా మొహం చూశాడు, సొరుగు లాగి తెల్లకాగితం తీశాడు. పింఛను ఫైళ్ళు ఇన్నేళ్ళు చూసినా తన మాటగా ఒక్క ముక్క కాగితం మీద పెట్టని మనిషి. అడిగితే, "రాసింది మనల్ని కొరుకుతాది వదినగారూ" అనేవాడు. ఆ రోజు ఎంపీడీఓ గారి పేరిట నివేదిక రాశాడు. ఫలానా వ్యక్తి తన భార్య ఉన్న ఊరు కావాలని నన్ను అడిగాడు, ఊరి పేరూ ఆమె పనిచేసే చోటూ నేను చెప్పాను, చెప్పకూడనిది చెప్పాను అని. మామూలుగా మా ఆఫీసు ఉత్తరాల్లో తప్పులు ఎవరూ చేయరు, వాటంతటవే జరిగిపోతుంటాయి. అలా కాస్త మెత్తగా మార్చనా అని మా టైపిస్టు అడిగింది. "వద్దమ్మా, అలగే ఉండనీ. కోర్టోలికి అర్థమవ్వాల," అన్నాడు.

ఇన్వార్డు రిజిస్టరులో నంబరు పడింది. నంబరు పడ్డాక అది రికార్డు. ఎంపీడీఓ గారు నిట్టూర్చి, దాని ఆధారంగా ఆయనకి మెమో ఇచ్చారు, శిక్షగా ఒక ఇంక్రిమెంటు ఆపారు. ఆ మెమో నేనే తీసుకెళ్ళి చేతికిచ్చాను. "అన్నట్టుగానే ఇచ్చీసినారు వదినగారూ," అని నవ్వబోయాడు. నవ్వు సరిగ్గా రాలేదు.

ఆ కాగితం కోర్టులో పనికొచ్చింది. రక్షణ ఉత్తర్వు వచ్చింది. అతను ఆ మండలం పొలిమేర తొక్కలేదు. పిల్ల అదే బళ్ళో చదువు పూర్తిచేసింది. మేమిద్దరం రిటైరైపోయాం. ఇప్పటికీ కొత్తవాళ్ళు కనబడితే ఆయనకి నోరు దురదపెడుతుంది. ఎవరి తాలూకా అని అడుగుతూనే ఉంటాడు. అడగనివ్వండి, ఆ ప్రశ్న లేకపోతే మా ఊళ్ళు మా ఊళ్ళు కావు. కానీ ఎవరైనా ఇంకొకరి గురించి తనని అడిగితే మాత్రం ఆఫీసు వైపు వేలు చూపించి, "కాగితం ఎట్టుకో బాబూ," అంటాడు.

మీకు చెప్పాలనుకున్నది మాత్రం ఆమె కాగితాలు తీసుకోవడానికి వచ్చిన రోజు గురించి.

నకళ్ళన్నీ కవర్లో పెట్టి ఇచ్చాను. ఆమె కవరు తీసి, నివేదిక బయటికి లాగి, వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. మధ్యలో ఒక మాట దగ్గర ఆగి నన్నడిగింది, చెప్పాను. కింద సంతకం దాకా చదివింది. సీనియర్ అసిస్టెంటు తన బల్ల దగ్గర తలొంచుకుని, ఏ ఫైలూ లేకుండా ఏదో రాస్తున్నట్టు కూర్చున్నాడు.

ఆమె కాగితాలు మడిచి కవర్లో పెట్టి, కవరు సంచీలో పెట్టి, సంచీ భుజాన వేసుకుంది. తిన్నగా వెళ్ళి ఆయన బల్ల ముందు నిలబడింది.

"ఇప్పుడు సెప్పు అన్నయ్యా," అంది. "మీ అక్క ఎలగున్నాది?"